ఇండోనేసియా పల్లెలో ఉండటం, తోట కొనడం: వైజాగ్‌లో అమ్ముతున్న ప్యాకేజీ మీద నా రివ్యూ

వైజాగ్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు (పేరు రాయను) ఈ మధ్య "ఇండోనేసియా పల్లెలో ఉండండి, అక్కడి కాఫీ తోటలో పెట్టుబడి పెట్టండి" అని ఒక ప్యాకేజీ అమ్ముతున్నారు. బ్రోచర్ ఒకటే గానీ లోపల సరుకు రెండు రకాలు. మొదటిది ఫ్లోరెస్ దీవిలో ఒక రైతు ఇంట్లో కొన్ని వారాలు ఉండటం. రెండోది అదే ఊళ్ళో ఎకరం కాఫీ తోట "మీ సొంతం" చేసుకోవడం, దాని మీద ఏడాదికి ఇరవై శాతం రాబడి అట. మొదటిది నేనూ మా ఆయనా తీసుకున్నాం. రెండోదాని కాగితాలు అడిగి తెచ్చుకుని చదివాను. మొదటిదానికి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. రెండోదానికి సున్నా ఇవ్వడం కుదరదు కాబట్టి ఒకటి.

మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో వీఆర్ఎస్ తీసుకున్నాక నెల తిరక్కుండానే వీళ్ళ ఫోన్ వచ్చింది. గాజువాక, కూర్మన్నపాలెం వైపు మాకు తెలిసిన చాలా ఇళ్ళకి ఇలాంటి ఫోన్లు వస్తున్నాయి. మధురవాడలో వంద గజాలు కొనే డబ్బుకి అక్కడ ఎకరం తోట, చల్లటి కొండలు, ఏడాదికోసారి వెళ్ళి ఉండటానికి ఇల్లు అంటే ఆశ పుట్టకుండా ఉంటుందా. నేను బ్యాంకులో లోన్ల సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాను, ఎవరైనా స్థలం అనగానే నాకు ముందు లింక్ డాక్యుమెంట్లు గుర్తొస్తాయి, ఆ తర్వాతే ఆశ. అలవాటు పోదు.

ముందు ఊరి సంగతి చెప్తాను, ఎందుకంటే ఊరు నిజంగా బాగుంది.

ఫ్లోరెస్ దీవి మధ్యలో న్గాడా జిల్లా, దానికి బజావా అనే చిన్న టౌను, ఆ చుట్టుపక్కల కొండల్లో అగ్నిపర్వతాల మట్టిలో అరబికా కాఫీ. బజావా కాఫీకి 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన అరకు కాఫీకి 2019లో వచ్చింది కదా, అలాంటిదే. వైజాగ్ నుంచి సింగపూర్, అక్కణ్ణుంచి బాలి, బాలి నుంచి లబువాన్ బజో దాకా విమానాలు. ఆ తర్వాత రోడ్డు. కన్సల్టెన్సీ కుర్రాడు "ఎయిర్‌పోర్టు నుంచి రెండు గంటలు మేడమ్" అన్నాడు. బజావా దగ్గర సోవా అనే చోట చిన్న విమానాశ్రయం ఉన్న మాట నిజమే, కానీ మాకు వేసిన టికెట్ దానికి కాదు. లబువాన్ బజోలో పొద్దున్నే కారెక్కితే చీకటి పడేటప్పటికి చేరాం. ట్రాన్స్ ఫ్లోరెస్ రోడ్డులో నేరుగా వెళ్ళే ముక్క ఎక్కడుందో నాకు కనపడలేదు, అరకు ఘాట్‌కి అలవాటైన కడుపులు కూడా దారిలో రుటెంగ్ అనే టౌను దాటాక మొరాయిస్తాయి. అర స్టార్ అక్కడే పోయింది.

ఇల్లు వెదురు, చెక్కలు, రేకుల పైకప్పు. గది శుభ్రంగా ఉంది, పరుపు గట్టిగా ఉంది, దుప్పట్లు రెండేసి ఇచ్చారు, అవీ చాలలేదు. బ్రోచర్‌లో "ఏసీ అవసరం లేని వాతావరణం" అని రాశారు, దాని అర్థం రాత్రి వణుకుతారని. స్నానానికి సిమెంటు తొట్టిలో చన్నీళ్ళు, ముంచుకుని పోసుకోవాలి. వేణ్ణీళ్ళు అడిగితే కట్టెల పొయ్యి మీద కాచి ఇస్తారు, మొహమాటపడక అడగండి. కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఫోన్ సిగ్నల్ చర్చి మెట్ల దగ్గర బాగా వస్తుంది, సాయంత్రం పూట ఊళ్ళో కుర్రాళ్ళంతా అక్కడే. ఇంటి నుంచి లాప్‌టాప్ పని చేసుకుందామని వెళ్ళేవాళ్ళు ఆ ఆలోచన మానుకోండి.

తిండి దగ్గర నేను భయపడినంత లేదు. అన్నం, మొక్కజొన్న, కర్రపెండలం, బెంగళూరు వంకాయ, బొప్పాయి పువ్వు వేపుడు, టెంపే అని పులియబెట్టిన సోయా గింజల అచ్చు. వీటన్నిటితో పాటు మునగాకు వేసి ఉడికించిన పల్చటి చారు దాదాపు రోజూ. మా ఆయన తాలింపు లేదని సణిగాడు గానీ గిన్నె ఖాళీ చేసేవాడు. అవకాడోలు చెట్ల కింద రాలి ఉంటాయి, ఇక్కడ సూపర్ మార్కెట్లో ఒక్కోటి ఎంత పెట్టి కొంటామో తలుచుకుంటే కడుపు మండుతుంది. వాళ్ళు ఎక్కువగా క్యాథలిక్కులు, పెళ్ళయినా చావయినా పంది కోయాల్సిందే, తినని వాళ్ళు ముందే చెప్పుకోవాలి. చెబితే ఏమీ అనుకోరు. మోకె అని చెట్టు నుంచి తీసే కల్లు, దాన్ని కాచి దించిన సారా రెండూ ఉన్నాయి, పాడేరు వైపు జీలుగు కల్లు రుచి చూసిన వాళ్ళకి కొత్తగా ఏమీ అనిపించదు.

మేం వెళ్ళేసరికి కోత నడుస్తోంది. అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా, కాబట్టి కాఫీ పండు మే తర్వాత ఎర్రబడుతుంది, మన అరకులో పండు కోసే చలికాలానికి పూర్తిగా తిరగబడిన లెక్క. నీడకి సుబాబుల్ చెట్లు. ఇంటి పెద్దావిడ నన్ను రోజూ తోటకి తీసుకెళ్ళేది. ఎర్రటివే కోయాలి, కొమ్మని దూసెయ్యకూడదు, ఒక్కో పండూ తొడిమ ఉన్న చోట వేలితో తిప్పి తియ్యాలి. నేను గబగబా కోసి బుట్టలో వేస్తుంటే ఆవిడ ఏమీ అనకుండా నా బుట్టలోంచి సగం ఎరుపు, సగం పచ్చ ఉన్నవి ఏరి పక్కన పెట్టింది. సాయంత్రం ఆ పండ్లన్నీ నీళ్ళ తొట్టిలో పోస్తారు, పైకి తేలినవి గుల్ల గింజలు, వాటిని జల్లెడతో తీసి వేరే సంచిలో పోసి తక్కువ ధరకి అమ్ముతారు. మునిగినవి మాత్రమే పండు తొక్క తీసే సహకార సంఘం పల్పింగ్ యూనిట్‌కి. ఇంత చేస్తే ఆరేడు కిలోల పండుకి కిలో గింజ వస్తుంది. బ్రోచర్‌లో ఇరవై శాతం లెక్క వేసినవాడు ఈ తొట్టి దగ్గర ఒక్క సాయంత్రం కూడా నిలబడి ఉండడు.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. న్గాడా వాళ్ళలో చాలా కుటుంబాల్లో ఇల్లూ భూమీ ఆడవాళ్ళ వైపు నుంచి దిగుతాయి, పెళ్ళయ్యాక మగవాడే భార్య ఇంటికి వస్తాడు. ఊరంతా ఇల్లరికమే అని మా ఆయన ఒకటే నవ్వు. పెద్దావిడ భర్త కూడా నవ్వాడు, ఆ తర్వాత పందులకి మేత పెట్టడానికి లేచి వెళ్ళాడు. ఇంటి ఆడవాళ్ళు నెలకోసారి కూర్చుని చీటీ పాట లాంటిది నడుపుతారు, ఆరిసాన్ అంటారు, మధ్యలో కాఫీ, వేయించిన అరటికాయ. ఊరూరా క్రెడిట్ కోఆపరేటివ్‌లు కూడా బలంగా ఉన్నాయి, పిల్లల చదువులకీ పెళ్ళిళ్ళకీ అప్పు అక్కడే. డబ్బు తెలియని అమాయకపు పల్లె అనుకుని వెళ్ళకండి, లెక్కలు మనకంటే బాగా తెలుసు.

జాగ్రత్తలు రెండు. ఫ్లోరెస్‌లో 1997 నుంచి రేబిస్ ఉంది, బయటి నుంచి తెచ్చిన కుక్కలతో వచ్చింది, ఇప్పటికీ పోలేదు. ప్రతి ఇంటి ముందూ కుక్కలే. వెళ్ళే ముందే డాక్టర్ని అడిగి టీకా వేయించుకోండి, కన్సల్టెన్సీ వాళ్ళు ఈ మాట ఎత్తనే ఎత్తలేదు. ఇంకోటి అగ్నిపర్వతాలు. 2024 నవంబరులో దీవి తూర్పు వైపు లెవోతోబి లకి-లకి పేలి మనుషులు చనిపోయారు, బూడిద మేఘానికి బాలి విమానాలు కూడా ఆగిపోయాయి. వచ్చేటప్పుడు చేతిలో రెండు మూడు రోజులు ఖాళీ ఉంచుకోండి, ఒకదాని వెనక ఒకటి టికెట్లు వేసుకుంటే టెన్షన్ తప్పదు. పెద్ద జబ్బు చేస్తే బజావా ఆసుపత్రిలో మొదటి వైద్యం, ఆ పైన కుపాంగ్ నగరానికో బాలికో పోవాల్సిందే. బీపీ, షుగర్ మందులు లెక్కకి మించి తీసుకెళ్ళండి.

ఇక పెట్టుబడి.

వాళ్ళు ఇచ్చిన ఫైల్లో మూడు కాగితాలు ఉన్నాయి. తోట బాలిలో ఉండే ఒక ఇండోనేసియా మనిషి పేరు మీద కొంటారు. ఆయన మన దగ్గర అంత డబ్బు అప్పు తీసుకున్నట్టు ఒక అగ్రిమెంటు. తోట మీద సర్వహక్కులూ మనకే అని ఆయన రాసిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ. పంటలో వాటా మనకి పంపుతానని ఇంకో కాగితం. ఆఫీసులో కుర్రాడు, మంచివాడే, చాలా ఓపిగ్గా "ఫుల్ సేఫ్ మేడమ్, మూడు పక్కలా కవర్ అయిపోతాది" అన్నాడు.

"బాబూ, అరకులో నా పేరు మీద ఎకరం రాయిస్తావా?" అని అడిగాను.

"అది ఏజెన్సీ కద మేడమ్, వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ఉంది కద, గిరిజనులు కాని మనకి రాయరు."

"మరి అక్కడి గిరిజనుడి పేరు మీద కొని, నాకు అప్పు పత్రం, జీపీఏ రాయిస్తే?"

"అలా చేసినవాళ్ళు చాలామంది ఇరుక్కున్నారండీ."

అదే పని ఫ్లోరెస్‌లో చెయ్యమని నాకు అమ్ముతున్నాడు, తను చెప్పింది తనకే వినపడలేదు.

వైజాగ్ వాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ఇండోనేసియాలో 1960 నాటి భూచట్టం ఉంది, ఐదో నంబరు చట్టం. దాని ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, హక్ మిలిక్ అంటారు, అది వ్యక్తుల్లో ఇండోనేసియా పౌరులకి మాత్రమే. 26వ సెక్షన్ ఇంకా గట్టిది. సూటిగా గానీ చుట్టు తిప్పి గానీ విదేశీయుడికి ఆ హక్కు దక్కేలా చేసిన లావాదేవీ చెల్లదు, భూమి సర్కారుకి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడగడానికి లేదు. చుట్టు తిప్పి అన్న మాట అరవై ఏళ్ళ కిందటే రాసి పెట్టారు, అంటే ఈ మూడు కాగితాల తెలివి వాళ్ళకి అప్పుడే తెలుసన్నమాట. పైగా అదే చట్టం కింద వచ్చిన నిబంధనల్లో సాగుభూమి యజమాని ఆ భూమి ఉన్న మండలంలోనే ఉండాలని ఉంది. ఆచరణలో ఎంతమంది పాటిస్తున్నారన్నది వేరే మాట. కాగితం మీద చూస్తే మాత్రం మన సంగతి అటుంచండి, బాలిలో కూర్చున్న ఆ మనిషి ఫ్లోరెస్ కాఫీ తోటకి యజమాని అవడమే నిబంధనకి విరుద్ధం. బినామీ పెట్టుకోవడం ఒక తప్పు, ఆ బినామీకే అర్హత లేకపోవడం ఇంకోటి. లోన్ల సెక్షన్లో ఇలాంటి సెక్యూరిటీ తెస్తే ఫైలు తెరవకుండానే వెనక్కి పంపేవాళ్ళం.

ఇదీ కాక అసలు ఆ భూమి అమ్మేవాడిదేనా అన్న ప్రశ్న. ఊళ్ళో నేను మెల్లగా ఆరా తీశాను. అక్కడ తోటలు చాలావరకు ఇంటి వంశానివి, ఒక్క మనిషి సంతకంతో బయటివాళ్ళకి పోవు, పెద్దలంతా కూర్చుని ఒప్పుకోవాలి. సర్కారు పట్టా లేని భూములూ ఉన్నాయి. బ్రోచర్ ఫొటోలో ఉన్న తోట ఎవరిదని పెద్దావిడకి ఫోన్లో చూపించాను. చాలాసేపు చూసి, వెనక కొండని బట్టి ఇది మా వైపు కాదని చెప్పింది.

సక్రమంగా పెట్టుబడి పెట్టే దారి లేదా అంటే ఉంది, మనలాంటి వాళ్ళకి కాదు. విదేశీ పెట్టుబడి కంపెనీ, పీటీ పీఎంఏ అంటారు, పెట్టాలంటే పెట్టుబడి ప్రణాళిక భూమి, భవనాలు కాకుండా వెయ్యి కోట్ల రుపియాలు దాటాలి. మన రూపాయికి 180, 190 రుపియాల మధ్య వేసుకుంటే ఐదు కోట్ల పైచిలుకు. ఆ కంపెనీకి సాగు హక్కు ఇవ్వాలన్నా కనీసం 5 హెక్టార్లు ఉండాలి, అంటే పన్నెండు ఎకరాల పైన. ఆ దేశంలో రైతు కుటుంబాల్లో సగానికి పైగా అర హెక్టారు కూడా లేనివాళ్ళు, ఎంతమంది దగ్గర ఎన్ని ముక్కలు కలిపితే పన్నెండు ఎకరాలవుతుంది, వాళ్ళంతా ఏమైపోతారు. ఎకరం చొప్పున ప్లాట్లు వేసి విదేశీయులకి అమ్మే హక్కు అన్నది అక్కడి చట్టంలో నాకు ఎక్కడా కనపడలేదు. సెకండ్ హోమ్ వీసా అని బ్రోచర్ వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంది, దానికి 1,30,000 డాలర్లు అక్కడి సర్కారీ బ్యాంకులో డిపాజిట్ చూపించాలి, మన లెక్కలో కోటి దాటుతుంది. వీఆర్ఎస్ డబ్బు మొత్తం అక్కడే పెట్టి చన్నీళ్ళ స్నానం చేయాలన్నమాట.

మన వైపు లెక్క కూడా చూసుకోండి, దీని గురించి ఆఫీసులో ఒక్కరూ నోరు విప్పలేదు. బయటికి డబ్బు పంపడానికి ఆర్‌బీఐ వాళ్ళ ఎల్ఆర్ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్) కింద ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్లు పరిమితి, అది సరే. పెట్టుబడి కోసం పంపితే 10 లక్షలు దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్ అనే పన్ను బ్యాంకు ముందే పట్టుకుంటుంది, రిటర్నులో సర్దుకోవచ్చు గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కున్నట్టే. రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి, నింపకపోతే 2015 నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు. ఇప్పుడు ఆ షెడ్యూల్లో ఏం రాస్తారు? తోట నాదే అని రాస్తే అక్కడి చట్టం ప్రకారం తప్పు చేశామని మీరే ఒప్పుకున్నట్టు. అప్పు ఇచ్చాను అని రాస్తే తోట మీది కాదని మీరే సంతకం పెట్టినట్టు. ఈ ప్రశ్న అడిగినప్పుడు కుర్రాడు లోపలికి వెళ్ళి మేనేజర్ని పిలుచుకొచ్చాడు. ఆయన మాకు టీ తెప్పించాడు, వేరే ఏమీ చెప్పలేదు.

"వెళ్ళి మీ తోటలో మీరే పని చేసుకోవచ్చు" అని కూడా ఒక లైను ఉంది. టూరిస్టుగా వెళ్ళి పని చేస్తే వీసా దుర్వినియోగం, అక్కడి ఇమిగ్రేషన్ చట్టంలో దానికి 5 ఏళ్ళ దాకా జైలు, 50 కోట్ల రుపియాల దాకా జరిమానా. సరదాగా ఒక పూట నాలుగు పండ్లు కోయడం వేరు, తోట నడపడం వేరు, ఆ తేడా ఎవరు తేలుస్తారో ఆలోచించుకోండి.

పోనీ కాఫీ గింజ కొని ఇక్కడ అమ్ముదామా అని మా ఆయన ఒక రాత్రి లెక్కలేశాడు. కాఫీ దిగుమతి మీద మన దేశంలో సుంకం వంద శాతం, ఆసియాన్ ఒప్పందంలో కొంత తగ్గింపు ఉన్నా మిగిలేది ఏమీ లేదు. ఆ కాగితం చించేశాడు. మేం చేసిందల్లా సంఘం దగ్గర వాళ్ళు చెప్పిన ధరకి, బేరం ఆడకుండా, ఇంటికి సరిపడా వేయించిన కాఫీ కొనుక్కోవడం. పెద్దావిడ కళ్ళంలో ఆరబోసే పట్టలు చిరిగిపోయి ఉంటే బజావా సంతలో కొత్తవి కొనిచ్చాం. పుచ్చుకుంది, మర్నాడు అంత విలువైన అవకాడోలు మూట కట్టి కారులో పెట్టించింది. ఆవిడ దగ్గర బాకీ పడటం కుదరదు.

కన్సల్టెన్సీ నుంచి పోయిన వారం మళ్ళీ ఫోన్. ఈసారి సుంబా దీవిలో కొత్త వెంచర్ అట, ముందు బుక్ చేసుకున్నవాళ్ళకి డిస్కౌంట్. 26వ సెక్షన్ గురించి మీ లాయరు చేత ఒక మెయిల్ రాయించండి, చదివాక మాట్లాడదాం అన్నాను. మీ ఇంటికి వచ్చినా ఇదే అడగండి, టోకెన్ అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.

ఊరు చూడాలనుకునేవాళ్ళు విడిగా వెళ్ళిపోవచ్చు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. వీసా ఎయిర్‌పోర్టులోనే ఇస్తారు, 5,00,000 రుపియాలు, 30 రోజులు, ఒక్కసారి ఇంకో 30 రోజులు పొడిగించుకోవచ్చు. బజావా చుట్టుపక్కల ఇళ్ళలో భోజనంతో కలిపి మనిషికి రోజుకి మూడు లక్షల రుపియాలు అడిగారు, అంటే మన పదహారు వందలు, కన్సల్టెన్సీ వాళ్ళు మా దగ్గర దాదాపు దానికి రెట్టింపు తీసుకున్నారు, ఆ మిగతా అర స్టార్ అందుకే కోశాను. ఇనెరియె కొండ కింద బెనా అనే పాత రాతి ఊరు ఉంది, ఒక రోజు దానికి కేటాయించండి. జూన్, జులై మంచి నెలలు. ఆగస్టులో కొమోడో బల్లుల కోసం వచ్చే జనంతో లబువాన్ బజో నిండిపోతుంది, గది ముందే చూసుకోకుండా మాత్రం దిగకండి.